నాలుగో దెబ్బ తరవాత

ఆ కాగితం మా ఊరికి సోమవారం పొద్దున వచ్చింది. సాయంత్రానికల్లా మా పెద్దమ్మ దాన్ని రెండుసార్లు చింపబోయింది.

పెద్దమ్మ పేరు జిగ్బోది. మా ఎవె భాషలో ఆ మాటకు ఓర్పు అని అర్థం. పేరు పెట్టినవాళ్ళు బిడ్డను సరిగ్గా చూడకుండా పెట్టి ఉంటారు. మా అగ్బోకోపె ఊరి పాటల బృందానికి పాటలు కట్టేది ఆమే, ఎత్తుకునేదీ ఆమే. నేను వెనక వరసలో కూర్చుని పూసల వల కట్టిన సొరబుర్ర వాయిస్తాను. ఊరి బడిలో చదివిన వాళ్ళలో నా చేతిరాత గుండ్రంగా ఉంటుందనీ, అడిగితే తప్ప మాట్లాడననీ నన్ను బృందానికి కార్యదర్శిని చేశారు. ఆ రోజు మొదలు నా ప్రాణానికి సుఖం లేదు.

కాగితం కేటా పట్నం నుంచి, నవంబరు పండగ సంఘం పంపింది. కిందటి ఏడాది పండగలో రెండు ఊళ్ళవాళ్ళు ఒకే పాట మాదంటే మాదని కొట్టుకున్నారు. రెండు డప్పుల తోళ్ళు చిరిగాయి, ఒకాయన పన్ను ఊడింది. అందుకని ఈసారి ప్రతి బృందమూ తన కొత్త పాట వివరాలు ముందే రాసి పంపాలట. బృందం పేరు, పాట కట్టినవారి పేరు, ఆ తరవాత రెండు ప్రశ్నలు. ‘పాట లయను కింది పన్నెండు గళ్ళలో చూపుము.’ ‘ఆ లయ పేరు రాయుము.’ శుక్రవారం ఆఖరు రోజు.

"పాట రాయమన్నారా?" అంది పెద్దమ్మ చేపలు పొగబెట్టే పొయ్యి దగ్గర కూర్చుని, కళ్ళు నులుముకుంటూ.

"పాట కాదు పెద్దమ్మా. లయ."

"లయ పాటలో కాక ఇంకెక్కడుంటుందే? గోనెసంచిలోనా?"

"నేను రాయలేదు ఆ కాగితం."

"రాసినవాడు దొరికితే వాడినే అడుగుతాలే. ఇలా తే." అప్పుడే మొదటిసారి చింపబోయింది.

కొత్త పాట మాటలు కాగితం మీద పెట్టమని అడగలేదు కనక బతికిపోయాం. కొత్త పాటను పండగ రోజు దాకా బయటివాళ్ళ చెవిన పడనివ్వం. కొబ్బరితోట వెనక కూర్చుని నేర్చుకుంటాం. దారిన ఎవరైనా పోతున్నట్టు అలికిడైతే, ఉన్నపళంగా ఆపేసి పాత పాట అందుకుంటాం. ముందే బయటపడితే, పండగలో మనం ఎత్తుకోగానే ఎదుటి ఊరివాళ్ళు మనకన్నా ముందు వంత అందుకుని నవ్వుతారు. ఒకసారి ఒక ఊరికి అలాగే అయింది. పాట కట్టినామె ఆ ఏడాదంతా సంతకు రాలేదు.

ఈ పాట గురించి నాకు ఇంకో బెంగ ఉంది. అందులో మూడో చరణంలో మా అమ్మ పేరుంది, అమెవీ అని. అమ్మ పోయి మూడేళ్ళయింది. సమాధి రోజున అందరూ ఏడుస్తుంటే పెద్దమ్మ మాత్రం పెట్టె కొలతలు తప్పాయని వడ్రంగితో పోట్లాడింది. ఆ తరవాత చెల్లెలి మాటే ఎత్తలేదు. మూడేళ్ళకు ఈ పాట కట్టింది. అది పండగలో, అన్ని ఊళ్ళవాళ్ళ ముందు, అమ్మ పేరుతో మోగాలని నా కోరిక. నేనెవరికీ చెప్పలేదు.

గళ్ళలో ఏం నింపాలో కనుక్కుందామని మంగళవారం పొద్దునే అగ్బేకో తాత దగ్గరికి వెళ్ళాను. మా బృందానికి పెద్ద డప్పు ఆయనది. ఉల్లి మడులకు నీళ్ళు పోస్తున్నాడు. పెద్దమ్మ నా వెనకే వచ్చింది, నేను తప్పు అడుగుతానని.

"తాతా, మన కొత్త పాట లయ ఏమిటి?"

"గంట," అన్నాడు, బిందె దించకుండానే.

"గంట అంటే?"

"గంట అంటే గంటేనమ్మా. రెండు నోళ్ళ గంట. పెద్ద నోటి మీద ఒకటి, చిన్న నోటి మీద ఆరు. నీ చిన్నప్పట్నించీ వింటూనే ఉన్నావుగా. రాసుకో." నీళ్ళ చేత్తో బిందె మీద కొట్టి చూపించాడు.

నేను గళ్ళలో గుర్తులు పెట్టాను. ఏడు దెబ్బలు, మధ్యలో ఐదు ఖాళీలు.

"పాట కట్టింది నేను. లయ ఈ ముసలాడు చెప్పడమేంటే?" అంది పెద్దమ్మ.

"పాట నీదే. అది నిలబడే నేల ఎవరిది? గంటది కాదూ?"

"నీ నేల మీద ఊరందరూ నడుస్తారు. మేకలూ నడుస్తాయి. నడక నాది!"

"నడక గళ్ళలో పట్టదమ్మా, నేలే పడుతుంది. అమ్మాయ్, నువ్వు రాయి."

"పేరేం రాయను తాతా? లయ పేరట."

"గంటకి పేరేంటి? పొద్దుకి పేరుందా? గంట అని రాసి పంపెయ్. నాకు ఇంకా నాలుగు మడులున్నాయి."

నేను గంట అని రాశాను. ట్రోట్రో బండి నడిపే కుర్రాడి చేత ఆ మధ్యాహ్నమే కాగితం కేటాకు పంపించాను. తప్పు నాదే. అప్పుడే పెద్దమ్మ మాట వినాల్సింది. కానీ ఆమె మాటలన్నీ వింటే బతకలేం కనక, ఏది వినాలో నాకు తెలియలేదు.

గురువారం జవాబు వచ్చింది. ‘మీ పాట లయ, ముందుగా అందిన ఆవాటో బృందం వారి పాట లయతో అన్ని గళ్ళలోనూ ఏకీభవించినందున, దానిని అనుకరణగా పరిగణించి తిరస్కరించడమైనది.’

పెద్దమ్మకు నేను మూడుసార్లు చదివి వినిపించాల్సి వచ్చింది. మొదటిసారి అర్థం కాక. రెండోసారి నమ్మలేక. మూడోసారి, వాకిట్లో పోయేవాళ్ళు కూడా వినాలని.

"నేనా? నేను ఆ కాఫూయి పాట ఎత్తుకొచ్చానా?" ఆవాటో బృందానికి పాటలు కట్టేది కాఫూయి. "దానికి జలుబు చేస్తే తుమ్ము కూడా సొంతంగా తుమ్మలేదు! నేను దాని దగ్గర దొంగతనం చేశానా?"

"పెద్దమ్మా, ఇది మన పాట సంగతి కాదు. మనం గంట రాశాం. వాళ్ళూ గంటే రాసి ఉంటారు."

"గంట అందరిదీనూ!"

"అదే నేననేది."

"అయితే వాళ్ళకి తెలీదా? సంఘంలో కూర్చున్నవాళ్ళు మన ఎవె వాళ్ళు కారా? గంట వినకుండా పుట్టారా?"

కబురు విని వచ్చిన అగ్బేకో తాత, పాత పాట పాడదాంలే అన్నాడు. కడలి పొంగిన ఏడాది కట్టిన పాట, ఇప్పటికి నాలుగుసార్లు పాడాం. "అయితే మీరే పాడుకోండి," అంది పెద్దమ్మ. "నా కడుపులో ఇంకో పాట లేదు." మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళి కూర్చుంది. చేపలు ఒక పక్క మాడుతున్నా తిప్పలేదు. అప్పుడు నాకు భయం వేసింది. ఆమె చేపలు మాడనివ్వడం నేనెప్పుడూ చూడలేదు.

పొద్దు వాలుతుండగా బావి దగ్గరికి వెళ్ళాను. కొత్త పాటను మాటలు లేకుండా, రాగం లేకుండా, ఒట్టి దరువుగా తొడ మీద కొట్టి చూశాను. మనసులో గంట మోగించుకుంటూ, పాట ఎక్కడ లేస్తుందో వెతికాను. మొదటి దెబ్బ దగ్గర కాదు. రెండో దాని దగ్గరా కాదు. నాలుగో దెబ్బ అయ్యాక, ఐదోది రాకముందు, గంట ఊరుకునే చిన్న ఖాళీ ఒకటుంది. సరిగ్గా అందులో పాట అడుగు పడుతుంది. ఒక బరువైన అడుగు. తరవాత తేలికగా ఒకటి. మధ్యలో కొంచెం ఈడ్పు.

మళ్ళీ కొట్టాను. బరువు, ఈడ్పు, తేలిక.

అమ్మ ఎడమ కాలు చిన్నప్పుడే విరిగి పొట్టిగా అతికింది. ఉప్పు తట్ట నెత్తిన పెట్టుకుని కయ్య నుంచి ఇంటికి వస్తుంటే, చీకట్లో కూడా ఆ అడుగులు విని తలుపు తీసేదాన్ని. ఇన్నాళ్ళూ వెనక వరసలో కూర్చుని ఈ పాటకు సొరబుర్ర వాయిస్తున్నాను, నాకు తట్టలేదు. మాటలు అడ్డం వచ్చి ఉంటాయి.

ఇంటికి వెళ్ళి పెద్దమ్మతో, "రేపు కేటా వెళ్దాం," అన్నాను.

"వెళ్ళి?"

"చూపిద్దాం."

"పాడి చూపించాలా? నలుగురి ముందు పాడేశాక పండగలో ఏం మిగులుతుందే? ఎంగిలి పాట!"

"పాడొద్దు. నువ్వు నోరు మూసుకుని కూర్చుంటే చాలు."

ఆమెతో నేనెప్పుడూ అలా మాట్లాడలేదు. ఆ మాటకు ఆమె ఎంత ఆశ్చర్యపోయిందంటే, తిట్టడం మరిచిపోయింది.

శుక్రవారం ట్రోట్రోలో ముగ్గురం వెళ్ళాం. అగ్బేకో తాత పండగకు కట్టుకునే గుడ్డ కట్టుకుని వచ్చాడు. దారిపొడుగునా పెద్దమ్మ బండివాడి పాటలపెట్టెను తిట్టింది, గుంతలను తిట్టింది, తాత మోచేతిని తిట్టింది.

సంఘం కార్యాలయం ఒకటే గది. లోపల సంఘం కార్యదర్శి సెషీ మాస్టారు, ఆయన బల్ల, గోడ పక్కన రెండు బెంచీలు. బెంచీల మీద, గుమ్మంలో, కిటికీ బయట, అన్ని ఊళ్ళ బృందాలవాళ్ళు. అందరి చేతుల్లోనూ మాకొచ్చిన కాగితం లాంటిదే. సెషీ మాస్టారి చొక్కా వీపు తడిసి అంటుకుపోయింది.

"పదమూడు బృందాలు," అంటున్నాడాయన ఎవరితోనో. "పదమూడింటికి పదమూడూ ఒకటే గళ్ళు నింపాయి. ముందు వచ్చింది ఆవాటోది. రూలు ప్రకారం మిగతా పన్నెండూ అనుకరణే. నేనేం చెయ్యను?"

"రూలు రాసిందెవరు మాస్టారూ?" అంది పెద్దమ్మ గుమ్మంలోంచే.

"సంఘం."

"సంఘంలో చెవులున్నవాళ్ళు ఎవరూ లేరా?"

"అమ్మా, కిందటేడు ఊడిన పన్ను మా బావమరిదిది. నాకు చెవులున్నాయి, ఇంట్లో గోలా ఉంది. పాట కాగితం మీదికి రావాలని నేనే అడిగాను. అందరూ గంట రాసి పంపుతారని నాకేం తెలుసు? పాట లయ అని స్పష్టంగానే రాశాంగా!"

"పాట లయంటే గంటే!" అన్నారు నలుగురైదుగురు ముసలివాళ్ళు ఒక్కసారే. అందరూ పెద్ద డప్పు వాయించేవాళ్ళే. ప్రతి ఊళ్ళోనూ నా లాంటిది ఒకతి కాగితం పట్టుకుని వాళ్ళ దగ్గరికే వెళ్ళి ఉంటుంది.

బెంచీ చివర కాఫూయి కూర్చుని అబోలో రొట్టె తింటోంది. ఆమె పని అయిపోయింది. అయినా వెళ్ళలేదు. "జిగ్బోదక్కా, బాధపడకు," అంది. "వచ్చే ఏడాది కాస్త పెందలాడే పంపించు."

"నీ ఇల్లు ఈ ఆఫీసు పెరట్లో ఉంది కాబట్టి ముందు ఇచ్చావు. పాటలో ముందుండి చూపించవే ఒకసారి!"

"అయితే పాడి వినిపించు మరి. అందరం వింటాం." కాఫూయి వేళ్ళు నాక్కుని, చెవి వెనక చెయ్యి పెట్టుకుంది. కిటికీ బయట నవ్వులు.

పెద్దమ్మ నోరు తెరిచింది. ఆమె మెడలో నరం లేవడం చూశాను. ఒక్క క్షణం ఆగితే పాట బయటికి వచ్చేదే. నేను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, మాస్టారి బల్ల దగ్గరికి నడిచాను.

"మాస్టారూ, మీరు గంట కొట్టండి," అన్నాను.

"ఏంటమ్మా?"

"గంట. మీకొచ్చు కదా."

నా గొంతు ఆ గదిలో ఎవరికీ తెలియదు. అందుకే కాబోలు ఊరుకున్నారు. ఆయన అటూ ఇటూ చూసి, చెంచా తీసి పాలపొడి డబ్బా మీద మొదలుపెట్టాడు. డబ్బా అంచున గట్టిగా ఒకటి, మూత మీద తేలికగా ఆరు. రెండో చుట్టుకే ఆయన మడమ నేలను తాకడం మొదలైంది. మూడో చుట్టుకు గదిలో అందరి మడమలూ తాకుతున్నాయి. చెప్పులు పక్కన విడిచి కూర్చున్న ఒక ముసలాయన కాళ్ళు మాత్రం ఇంకా నిద్రపోతున్నాయి. అవీ లేచాయి.

నేను నాలుగో దెబ్బ దాకా ఆగాను. ఖాళీలో మొదటి చరుపు వేశాను. ఒక చెయ్యి బల్ల మీద, ఒక చెయ్యి తొడ మీద. మాటల్లేవు, రాగం లేదు. పాట ఎంత పొడుగో అంత, ఎక్కడ ఆగుతుందో అక్కడ ఆగి, ఎక్కడ ఈడుస్తుందో అక్కడ ఈడ్చి. కాఫూయి పెదవులు కదుపుతూ లోపల ఉన్న రాగాన్ని ఊహించడానికి చూస్తోంది. అందలేదు. దరువు మటుకే ఇచ్చి రాగం దాచుకోవచ్చని అప్పటిదాకా ఎవరికీ తట్టినట్టు లేదు.

మూడుసార్లు తిప్పి ఆపాను. మాస్టారి చెంచా మాత్రం ఆగలేదు.

"ఇప్పుడు ఆవాటో వాళ్ళు," అన్నాడాయన.

"నాదెందుకు? నాది ఒప్పుకున్నారుగా," అంది కాఫూయి.

"కొట్టవే, నోట్లో రొట్టె ఉన్నా చేతులు ఖాళీయేగా!" అంది పెద్దమ్మ.

తప్పించుకోలేక కొట్టింది. ఆమె పాట మొదటి దెబ్బ మీదే, పెద్ద నోరు మోగేచోటే లేచింది. సూటిగా, సిపాయిలా, ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. బాగానే ఉంది, కాదనను. కానీ మా పాట ఒక దారి, అది ఇంకో దారి. మధ్యలో నేను కూడా మాది అందుకున్నాను. రెండూ ఒకే డబ్బా చప్పుడు మీద, ఒకదానికొకటి అడ్డం రాకుండా, పక్కపక్కనే నడిచాయి. ఎక్కడా కలవలేదు. అది విననివాళ్ళెవరూ ఆ గదిలో లేరు.

"చూశారా!" అన్నాడు అగ్బేకో తాత. "నేల ఒకటే. నేను చెప్పలే?"

"నువ్వు చెప్పబట్టే ఇంత దూరం వచ్చాం ముసలాడా!" అంది పెద్దమ్మ.

ఆ తరవాత గదిలో ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. మిగతా పదకొండు బృందాలవాళ్ళూ ఒకేసారి బల్ల మీద, గోడ మీద, ఒకరి వీపు మీద ఒకరు తమ తమ పాటలు చరచడం మొదలుపెట్టారు. సెషీ మాస్టారు డబ్బా ఎత్తి పట్టుకుని, "వరసగా! వరసగా!" అని అరిచాడు. చివరికి మా కాగితం వెతికి తీసి, నేను నింపిన గళ్ళు కొట్టేసి, కింద కొత్తగా పన్నెండు గీశాడు. "మళ్ళీ కొట్టమ్మా, మెల్లగా," అన్నాడు. నేను కొడుతుంటే తనే గుర్తులు పెట్టుకున్నాడు. తిరస్కరించడమైనది అన్నచోట అడ్డంగా గీత గీశాడు.

"ఇంక ఇదొక్కటి. లయ పేరు."

"గంట అని ఉందిగా," అన్నాడు తాత.

"గంట అని పదమూడు మంది రాశారు పెద్దాయనా. నన్ను చంపకండి."

"పేరెందుకు దానికి? నామకరణం చేస్తావా?" అంది పెద్దమ్మ.

"ఖాళీగా వదిలితే పైవాళ్ళు వెనక్కి పంపుతారమ్మా. ఏదో ఒకటి చెప్పండి. నెమ్మది అని రాయనా? మధ్యరకం అని రాయనా?"

"మధ్యరకమా!" పెద్దమ్మ గొంతు మళ్ళీ లేచింది. "మధ్యరకం నువ్వూ, నీ..."

"అమెవీ నడక," అన్నాను.

మాస్టారు కలం పట్టుకుని చూశాడు. "అమెవీ అంటే?"

పెద్దమ్మ చెబుతుందేమోనని ఆగాను. ఆమె నా వైపు చూడటం లేదు. బల్ల మీద పాలపొడి డబ్బా మూతను అటూ ఇటూ తిప్పుతోంది.

"మా అమ్మ," అన్నాను. "ఉప్పు అమ్మేది."

"కుంటుతూ వచ్చేది, ఆవిడేనా?" అంది కాఫూయి బెంచీ మీద నుంచి. ఆ మాటలో ఎగతాళి లేదు. "మా ఇంటికీ వేసేది ఉప్పు. ఇంకో పిడికెడు అడిగితే కాదనేది కాదు." ఒక చరుపు తొడ మీద వేసుకుంది, ఇంకోటి కొంచెం ఆలస్యంగా. తల ఊపింది.

మాస్టారు రాసేశాడు. ముద్ర కొట్టి కాగితం పెట్టెలో వేసి, "తరవాత!" అన్నాడు.

తిరుగు బండిలో పెద్దమ్మ కిటికీ పక్క కూర్చుంది. ఎడమ పక్క ఉప్పునీటి సరస్సు, కుడి పక్క సముద్రం, మధ్యలో రోడ్డు మీద మేము. బండివాడు పాటలపెట్టె గట్టిగా పెట్టినా తిట్టలేదు. అగ్బేకో తాత నిద్రపోయి ఆమె భుజం మీద వాలాడు, తొయ్యలేదు. నాకు భయం మొదలైంది. చెప్పకూడని మాట నలుగురిలో చెప్పేశానేమో. ఆమె మూడేళ్ళు దాచుకున్నదాన్ని నేను కాగితం మీద పెట్టించానేమో.

ఉప్పు కయ్యలు దాటాక ఆమె నా వైపు తిరిగింది.

"మూడోసారి తిప్పినప్పుడు తొందరపడ్డావు."

"నేనా?"

"మరి నేనా? మీ అమ్మ ఎప్పుడైనా అంత జోరుగా నడిచిందటే? నెత్తిన తట్ట ఉందా లేదా? తట్ట పెట్టుకుని పరిగెత్తిస్తావా దాన్ని?" తాత తలను పక్కకు తోసింది. "ఆ కాఫూయి ముందు పరువు తీశావు. ఇదిగో, ఈ సీటు మీద కొట్టు. నేను గంట. ఇల్లు చేరేదాకా సరిగ్గా రావాలి."

ఆమె ముందు సీటు కమ్మీ మీద ఉంగరంతో మొదలుపెట్టింది. నేను నాలుగో దెబ్బ కోసం ఆగాను.

"ఇంకా ఆగు," అంది. "దానికి కాలు నొప్పి."